టీబీ క్లినిక్‌లో షుగర్ పరీక్ష: పరీక్షకు 5 మార్కులు, ఆ తర్వాత నడిపించిన తీరుకు 3

మా అక్కకు ఊపిరితిత్తుల టీబీ అని తేలాక మందులు మొదలుపెట్టిన క్లినిక్‌లో, మేం అడగకుండానే షుగర్ పరీక్ష కూడా చేశారు. ఆమె ఆరు నెలల కోర్సు ఇప్పుడు పూర్తయింది. మొదటి రోజు వేలికి సూది గుచ్చిన దగ్గర్నుంచి చివరి పరీక్ష దాకా పక్కనే ఉండి చూశాను కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నా. క్లినిక్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు కనిపించిన మంచీ చెడూ ఆ ఒక్క చోటివే కావనిపించింది, ఈ పరీక్ష ఎక్కడ చేసినా ఇవే ప్రశ్నలు వస్తాయి. టీబీ వచ్చిన ప్రతి మనిషికీ షుగర్ చూడాలన్న పద్ధతికి వెనకాడకుండా 5కి 5 ఇస్తాను. రీడింగ్ వచ్చాక మనిషిని ఎలా నడిపించారన్నదానికి మాత్రం 3 దాటి ఇవ్వలేను, ఆ పోయిన 2 మార్కుల గురించే ఇందులో ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వాటిని సరిచేయడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

ముందు మంచి సంగతి. క్యూలో మా వెనక నిలబడ్డ ఒకాయన సిస్టర్‌తో గట్టిగానే వాదించాడు, "నాకు దగ్గు, జ్వరం, షుగర్‌తో నాకేం పని, మా ఇంట్లో ఎవరికీ లేదు" అని. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు, ఎవరూ విడమరచి చెప్పకపోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. విషయం ఏమిటంటే రక్తంలో చక్కెర ఎక్కువగా, ఎక్కువకాలం ఉంటే మన ఒంట్లోని రోగనిరోధక కణాలు మందగిస్తాయి. టీబీ క్రిమి చాలామంది ఊపిరితిత్తుల్లోకి చేరినా జబ్బు చేయకుండా అణిగి ఉంటుంది, దాన్ని అలా అణిచి ఉంచేది ఆ కణాలే. అవి బలహీనపడినప్పుడు క్రిమి పైకి లేస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు టీబీ జబ్బుగా బయటపడే ప్రమాదం లేనివాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఉంటుందని పరిశోధనలు తేల్చాయి. ప్రపంచం మొత్తం మీద టీబీ రోగుల్లో ఇంచుమించు 15 శాతం మందికి షుగర్ కూడా ఉంటుందని అంచనా. ఈ రెండు జబ్బుల జత కొత్తదేమీ కాదు, 1921లో ఇన్సులిన్ కనుక్కోకముందు షుగర్ రోగులను ఎక్కువగా బలిగొన్న జబ్బుల్లో టీబీ ఒకటి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, టీబీ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ది యూనియన్ కలిసి 2011లో ఒక మార్గదర్శకం ఇచ్చాయి. టీబీ రోగులందరికీ షుగర్ చూడాలి, షుగర్ రోగులకు టీబీ లక్షణాలు ఉన్నాయేమో అడగాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. ఇది కాగితం మీద బాగానే ఉంటుంది, రోజూ రద్దీతో నలిగే క్లినిక్‌లో కుదురుతుందా అన్న అనుమానం వస్తుంది కదా. ఆ వెంటనే, 2011-12లో, భారతదేశంలోనూ చైనాలోనూ మామూలు టీబీ క్లినిక్‌లలోనే, అక్కడున్న సిబ్బందితోనే చేసి చూశారు. భారతదేశంలో 8,000 మందికి పైగా టీబీ రోగులను చూస్తే వందకు 13 మందికి షుగర్ ఉంది. వారిలో 8 మందికి ముందే తెలుసు, మిగతా 5 మందికి ఈ పరీక్ష చేయబట్టే తెలిసింది. మా అక్క ఆ 5 మంది లాంటిదే కాబట్టి ఈ అంకె చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు.

అసలు తెలియకపోతే ఏమవుతుంది, టీబీ మందులు ఎలాగూ వేసుకుంటున్నాం కదా అంటారేమో. షుగర్ ఉన్న టీబీ రోగులు చికిత్స సాగుతుండగానే చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకంటే దాదాపు రెండింతలు. నయమైన తర్వాత టీబీ తిరగబెట్టే అవకాశం నాలుగింతల వరకూ ఉంటుంది. రెండు నెలల తర్వాత కూడా కళ్లెలో క్రిములు కనబడుతూనే ఉండటం వీళ్లలో ఎక్కువ. ఇవన్నీ తెలిశాక కూడా కేవలం ఒక చుక్క రక్తం తీయడానికి బద్ధకించే చోట్లు ఉన్నాయంటే నాకు కోపం వస్తుంది.

పరీక్ష జరిగిన తీరు చెప్తాను. సిస్టర్ ముందు అడిగింది: ఇదివరకు ఎవరైనా షుగర్ ఉందని చెప్పారా, దానికి మందులేమైనా వాడుతున్నారా, ఇంట్లో అమ్మకో నాన్నకో ఉందా, ఈ మధ్య దాహం ఎక్కువైందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఆఖరుసారి ఎప్పుడు తిన్నారు. లక్షణాలు అడగడం మంచిదే గానీ వాటి మీదే ఆధారపడితే లాభం లేదు. బరువు తగ్గడం, నీరసం, ఆకలి మారిపోవడం టీబీకీ ఉంటాయి, షుగర్‌కూ ఉంటాయి, కాబట్టి ఏది దేనివల్లో మనిషికి తెలియదు. మా అక్క సన్నగా ఉంటుంది, వయసూ ఎక్కువ కాదు, చూస్తే ఎవరూ షుగర్ అనుకోరు. ఇక్కడే ఈ క్లినిక్ నాకు నచ్చింది, మనిషిని చూసి అంచనా వేయలేదు. లావుగా ఉన్నవాళ్లకూ సన్నగా ఉన్నవాళ్లకూ, పెద్దవాళ్లకూ కుర్రవాళ్లకూ అందరికీ ఒకే వరస.

తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోమన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వేలికి కాస్త తీపి అంటుకుని ఉన్నా మీటర్ ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపిస్తుంది, ఒట్టి స్పిరిట్ దూదితో తుడిచి పని కానిచ్చేసే చోట్ల ఈ జాగ్రత్త ఉండదు. చెయ్యి ఆరాక వేలి చివర మధ్యలో కాకుండా పక్కన గుచ్చారు, అక్కడ నొప్పి తక్కువ. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకున్నారు. స్ట్రిప్‌లు తీసిన డబ్బా మూత వెంటనే పెట్టేశారు, దాని మీద గడువు తేదీ కూడా నేను చూశాను, సరిగ్గానే ఉంది. తేమ తగిలిన స్ట్రిప్, గడువు దాటిన స్ట్రిప్ నమ్మదగ్గవి కావు. ఎంత మంచి గ్లూకోమీటరైనా ల్యాబ్ రిజల్ట్‌కు 15 శాతం అటూ ఇటూగా చూపించడం ప్రమాణాల ప్రకారం మామూలే, అందుకే మీటర్‌లో వచ్చిన ఒక్క అంకెతో షుగర్ ఉందని ముద్ర వేయకూడదు. ఈ క్లినిక్‌లో వేయలేదు కూడా.

వాళ్లు పాటించింది రెండంచెల పద్ధతి. ముందు తిన్నా తినకపోయినా ర్యాండమ్ చూస్తారు. అది 110 లోపు ఉంటే అప్పటికి వదిలేస్తారు. 110 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మరోరోజు పరగడుపున రమ్మంటారు. పరగడుపున 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ కిందికి వస్తుంది. అక్కకు ర్యాండమ్ 172 వచ్చింది, ఫాస్టింగ్ 148. ర్యాండమ్‌కు గీత అంత కింద, 110 దగ్గరే గీశారేంటి, తిన్నాక ఎవరికైనా అంత రాదా అని నాకు అనిపించింది. నిజమే, వస్తుంది. మొదటి అంచెలో ఎవరూ జారిపోకూడదని అలా పెట్టారు, రెండో అంచెలో అక్కర్లేనివాళ్లు విడిపోతారు. నా ఉద్దేశంలో ఇది తెలివైన పద్ధతి, ఎందుకంటే టీబీ అని తెలిసిన రోజు మనిషి అప్పటికే నీరసంగా, టెన్షన్‌గా ఉంటాడు, ఆ రోజే పరగడుపున రావాల్సిందంటే సగం మంది మళ్లీ రారు. ర్యాండమ్ అయితే వచ్చినవాళ్లకు వచ్చినట్టే అయిపోతుంది.

ఇక నా మొదటి కంప్లయింట్. అక్క రీడింగ్‌ను సిస్టర్ గట్టిగా చదివింది, అవతల బల్ల దగ్గరున్న మనిషి రాసుకున్నాడు, మధ్యలో కూర్చున్న వాళ్లందరూ విన్నారు. అప్పటికే టీబీ అన్న మాట బయటకు పొక్కితే ఏమవుతుందో అన్న భయంతో ముఖం కప్పుకుని కూర్చున్న మనిషికి ఇంకో జబ్బు పేరు అందరి ముందూ వినిపించడం ఎలా ఉంటుందో కాస్త ఆలోచించాలి. ఆ రీడింగ్ అర్థమేంటో కూడా చెప్పలేదు, "ఎక్కువుంది, పరగడుపున రండి" అనే అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. "ఇది ఇంకా షుగర్ అని కాదమ్మా, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కొందరికి ఇలా పెరుగుతుంది, మళ్లీ చూసి చెప్తాం" అని ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉంటే చాలు, దానికి అర నిమిషం పట్టదు.

ఆ అర నిమిషం మాట నిజం కూడా. ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు దాన్ని తట్టుకోవడానికి విడుదలయ్యే హార్మోన్లు చక్కెరను పైకి నెడతాయి. పైగా టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ కూడా మొదట్లో కొందరికి షుగర్ కాస్త పెంచుతుంది. కాబట్టి మొదటి వారాల్లో ఎక్కువ వచ్చినవాళ్లలో కొందరికి టీబీ తగ్గుతున్నకొద్దీ షుగర్ దానంతటదే దిగుతుంది. క్యూలో వాదించాడని చెప్పిన ఆయనే ఇందుకు ఉదాహరణ, తర్వాత తరచూ కనబడుతూ ఉండటంతో మాటలు కలిశాయి. ఆయనకు మొదట ఫాస్టింగ్ 131 వచ్చింది, కోర్సు అయిపోయే సమయానికి ఏ షుగర్ మందూ లేకుండా 94కు దిగింది. ఆయన ఇప్పుడు సంతోషంగా ఉన్నాడు, ఉండాలి కూడా, కానీ అలాంటివాళ్లకు ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఉంటుంది, ఏడాదికోసారి చూపించుకోవాలి. ఆ మాట ఆయనకు క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదట.

అక్క విషయంలో డాక్టర్ గారు నిదానించిన తీరు నాకు బాగా నచ్చింది. ఏ1సీ చేయించారు, అంటే గత రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, దానికి పరగడుపుతో పని లేదు. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ అంటారు, అక్కకు 7.6 వచ్చింది. కానీ ఆమెకు రక్తహీనత కూడా ఉంది, టీబీ ఉన్నవాళ్లలో అది చాలా మామూలు, రక్తం తక్కువగా ఉన్నప్పుడు ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువో తక్కువో చూపించే వీలుంది. అందుకని ఆయన దాని ఒక్కదాని మీదే నిలబడలేదు, ఇంకో ఫాస్టింగ్ ల్యాబ్‌లో చేయించి, రెండూ కలిసి ఒకే మాట చెప్పాకే ఉందని తేల్చారు. ఏ1సీ రెండు మూడు నెలలుగా ఎక్కువున్నట్టు చెప్తోంది కాబట్టి ఇది ఇన్ఫెక్షన్ వల్ల నిన్నగాక మొన్న పెరిగింది కాకపోవచ్చు అని కూడా ఆయనే వివరించారు. ఈ క్లినిక్‌లో మాకు అందిన అన్ని మాటల్లోకీ ఎక్కువ ధైర్యం ఇచ్చినవి ఆ పది నిమిషాల్లో ఆయన చెప్పినవే.

మూత్రంలో చక్కెర చూసి షుగర్ తేల్చే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది నమ్మొద్దు. షుగర్ ఉన్నా మూత్రంలో కనబడనివాళ్లు బోలెడుమంది, పైగా రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, రంగు చూసి చదవాల్సిన స్ట్రిప్ మీద ఆ రంగు పడితే ఏం చదువుతారు?

ఇక మార్కులు నిజంగా పోయిన చోటికి వస్తాను. షుగర్ అని తేలాక మమ్మల్ని షుగర్ డాక్టర్ దగ్గరకు రాసి పంపారు, వేరే భవనం, వేరే క్యూ. అప్పటికి అక్క మందులు మొదలై ఎక్కువ రోజులు కాలేదు, ఆమె దగ్గు వల్ల ఇంకొకరికి అంటే వీలున్న సమయం అది. షుగర్ డాక్టర్ కోసం కూర్చున్న వాళ్లెవరు? అందరూ షుగర్ ఉన్నవాళ్లే, అంటే టీబీ అంటితే జబ్బుగా మారే ప్రమాదం అందరికంటే ఎక్కువున్న వాళ్లే. కిటికీ తలుపులు మూసిన హాల్లో, వాళ్ల మధ్య మా అక్కను కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. మాస్క్ పెట్టించి, వరండాలో నిలబెట్టి, పిలుపు వచ్చినప్పుడు లోపలికి తీసుకెళ్లాను. మందులు సరిగ్గా పనిచేస్తుంటే అంటించే గుణం త్వరగానే తగ్గుతుంది, కాబట్టి మొదటి కనీసం రెండు వారాలైనా షుగర్ చూసే పని టీబీ క్లినిక్‌లోనే జరగాలి. మామూలు స్థాయి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టడానికి అంత పెద్ద స్పెషలిస్ట్ అక్కర్లేదు. షుగర్ మరీ ఎక్కువున్నవాళ్లు, ఇన్సులిన్ కావాల్సినవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, వాళ్లను పంపాలి, వాళ్లనైనా ముందే ఫోన్ చేసి, నేరుగా లోపలికి వెళ్లేలా పంపాలి.

అక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. ఆ డాక్టర్ అక్క వాడుతున్న మందులేంటని అడగకుండానే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర రాశారు, చీటీలో టీబీ అని ఉంది, చూశారో లేదో తెలియదు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉరుకులు పెట్టిస్తుంది, దాంతో చాలా మందులు ఒంట్లోంచి త్వరగా కరిగి వెళ్లిపోతాయి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి వీటిలోకి వస్తాయి. వేసుకున్న మాత్ర అనుకున్నంత పని చేయదు, అది చూసి డోసు పెంచుతారు. ఆరు నెలలయ్యాక రిఫాంపిసిన్ ఆపేస్తారు, రెండు వారాల్లో ఎంజైములు మామూలుకొస్తాయి, అప్పుడు ఆ పెంచిన డోసు పూర్తి బలంతో పనిచేసి షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. చికిత్స అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్న రోజుల్లో, ఎవరూ చూడని సమయంలో జరిగేది ఇది. మెట్‌ఫార్మిన్ కాలేయంలో కరిగే మందు కాదు, కిడ్నీల ద్వారా పోతుంది, అందుకే టీబీ మందులతో పాటు సాధారణంగా దాన్నే ముందు ఎంచుకుంటారు. ఆ చీటీ చూసి మా టీబీ డాక్టర్ గారు అవతలి డాక్టర్‌కు ఫోన్ చేసి మాట్లాడి మార్పించారు. ఫోన్ చేసే డాక్టర్ దొరికాడు కాబట్టి సరిపోయింది, దొరకని వాళ్ల సంగతేంటి? అక్కకు బీపీ లేదు గానీ, బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు కొన్నింటి మీద కూడా రిఫాంపిసిన్ ఇలాగే ప్రభావం చూపుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది అవి కూడా వాడుతుంటారు. కాబట్టి రెండు చోట్లకు వెళ్లేవాళ్లు వాడే ప్రతి మాత్ర పట్టీ రెండు చోట్లా చూపించాలి.

మెట్‌ఫార్మిన్‌తో ఉన్న ఇబ్బంది వికారం. టీబీ మాత్రలతో కూడా వికారం ఉంటుంది. రెండూ కలిసి అక్కకు మొదట్లో నరకం చూపించాయి, ఏ మాత్ర వల్ల వస్తోందో తెలియక ఆమె టీబీ మాత్రలే మానేస్తానంది. తక్కువ డోసుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకోమని, మెల్లగా పెంచుతామని చెప్పాక కుదుటపడింది. ఇది మొదటి రోజే చెప్పి ఉండాల్సిన మాట. వికారంతో పాటు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా అది వేరే సంగతి, అప్పుడు కాలేయం కోసం వెంటనే చూపించుకోవాలి, ఓర్చుకోకూడదు.

తిండి విషయంలో క్లినిక్ మమ్మల్ని పూర్తిగా గాలికి వదిలేసింది. టీబీ కౌన్సెలర్ బాగా తినమంది, బరువు పెరగాలంది, ఎంత తింటే అంత మంచిదంది. షుగర్ దగ్గర ఇచ్చిన కాగితంలో అది తగ్గించు, ఇది మానేయి, బరువు తగ్గు అని ఉంది, అందరికీ ఇచ్చే అచ్చు కాగితం. అప్పటికే ఎముకల గూడులా ఉన్న మనిషి బరువు తగ్గడమేంటి? ఒకరు తినమంటారు ఒకరు వద్దంటారు, మధ్యలో మనిషి కంచం ముందు కూర్చుని ఏడుస్తుంది. చివరికి డాక్టర్ గారిని పట్టుకుని అడిగితే తేలింది ఏమిటంటే, టీబీ చికిత్సలో ఉన్నప్పుడు కడుపు మాడ్చుకోకూడదు, బరువు పెరగాల్సిందే, కానీ ఆ పెరుగుదల చక్కెర, పళ్లరసాలు, తీపి కలిపిన బలం పొడుల వల్ల కాకుండా మాంసకృత్తులు బాగా ఉన్న మామూలు తిండి వల్ల రావాలి, భోజనం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, షుగర్ కాస్త పెరిగితే మందు సర్దుకుంటాం గానీ తిండి కోయం అని. టీబీ చికిత్స కాలంలో షుగర్‌ను మరీ గట్టిగా బిగించాల్సిన పనిలేదని, ఏ1సీ 8 లోపు ఉంచగలిగితే ఫర్వాలేదని కూడా ఆయన చెప్పారు. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద అచ్చు వేసి, రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు విడిగా ఇవ్వడానికి క్లినిక్‌కు ఏం అడ్డం వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పాదాల సంగతి బాగా చూశారు, అది చెప్పకపోతే అన్యాయం. టీబీ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు రావచ్చు, షుగర్ వల్ల కూడా అవే వస్తాయి, రెండూ ఉన్నవాళ్లకు ముందుజాగ్రత్తగా బీ6 విటమిన్ ఇవ్వాలి. ఇచ్చారు. కళ్లు కూడా పరీక్షించారు, ఇంకో టీబీ మందు ఎథాంబుటాల్ కంటి నరం మీద ప్రభావం చూపగలదు, షుగర్ కంటిలోపలి పొరను దెబ్బతీయగలదు, కాబట్టి మొదట్లో చూపు ఎలా ఉందో రాసిపెట్టుకుంటే తర్వాత తేడా వస్తే తెలుస్తుంది. కిడ్నీ పరీక్ష కూడా అప్పుడే చేశారు.

రాత పని మాత్రం అధ్వానం. టీబీ కార్డులో కళ్లె పరీక్ష ఫలితాలకు గళ్లు ఉన్నాయి, బరువుకు ఉంది, షుగర్‌కు లేదు. అక్క రీడింగులు కార్డు అంచున పెన్నుతో రాస్తూ పోయారు, రెండు నెలల తర్వాత డ్యూటీ మారి కొత్తగా వచ్చిన సిస్టర్ అక్కకు షుగర్ ఉందా అని మమ్మల్నే అడిగింది. రెండు నెలల దగ్గర కళ్లె మళ్లీ చూసే రోజునే షుగర్ కూడా చూడాలి, ఎందుకంటే కళ్లె ఇంకా పాజిటివ్‌గా ఉంటే, షుగర్ అదుపులో లేకపోవడం దానికి ఒక కారణం కావచ్చు, చికిత్స ఎంతకాలం అన్న నిర్ణయం కూడా దాన్ని బట్టి మారొచ్చు. మేం గుర్తు చేసి చేయించుకున్నాం. అక్క కళ్లె నెగటివ్ వచ్చింది, ఫాస్టింగ్ 118. కోర్సు చివర ఏ1సీ 6.8, బరువు పెరిగింది, మెట్‌ఫార్మిన్ కొనసాగుతోంది. అంటే ఆమెది ఇన్ఫెక్షన్‌తో వచ్చి పోయే రకం కాదు, ఉన్నదే, టీబీ పుణ్యమా అని బయటపడింది. టీబీ ఫైల్ మూసేశారు, ఇకపై షుగర్ ఎక్కడ చూపించుకోవాలో మాత్రం రాసివ్వలేదు, అడిగితే రాసిచ్చారు.

మందులకు లొంగని టీబీ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. వాళ్లకు ఇచ్చే లినెజోలిడ్, ఫ్లోరోక్వినోలోన్ రకం మందులు షుగర్‌ను కిందికి పడేయగలవు, ఫ్లోరోక్వినోలోన్లు పైకి కూడా నెట్టగలవు. ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఇంట్లో మీటర్ ఉంచుకోవాలి, చెమటలు పట్టడం, చేతులు వణకడం నీరసం అనుకుని పడుకోకూడదు.

ఎవరైనా ఇలాంటి క్లినిక్‌కు వెళ్తుంటే, మీకు షుగర్ పరీక్ష చేయకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. ఎక్కువ వచ్చిందంటే పరగడుపున ఎప్పుడు రావాలో అడగండి. ఇప్పటికే షుగర్ ఉండి మందులు వాడుతుంటే, ఆ మాత్రలు టీబీ మందులతో కలిపి వాడొచ్చా అని అడగండి. ప్రతి రీడింగ్ తేదీతో సహా మీ దగ్గర ఒక పుస్తకంలో రాసుకోండి. టీబీ మందులు ఆపే రోజున షుగర్ మందు డోసు మార్చాలా అని తప్పకుండా అడగండి, ఇది ఎవరూ తమంతట తాము చెప్పని ప్రశ్న. ఇంకోటి, మీ ఇంట్లో ఎవరికైనా ముందే షుగర్ ఉంటే వాళ్లకు రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రాలు జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయేమో చూసి, ఒక్కటున్నా కళ్లె పరీక్షకు పంపండి. మా అమ్మకు షుగర్ ఉంది, ఆమె అక్కతో ఒకే గదిలో పడుకునేది. క్లినిక్‌వాళ్లు ఆమెను పిలిపించి పరీక్షించారు, ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదని తేలింది. మళ్లీ దగ్గు వస్తే రావాలని చెప్పి పంపారు, ఆ విషయంలో వాళ్లకు ఇంకో అర మార్కు కలుపుతున్నా.